పోస్టుకార్డంత బొమ్మ: అపోహలు - వాస్తవాలు

విశాఖలో నీటిరంగులు నేర్పుతుంటాను. మొదటిరోజు పోస్టుకార్డంత కాగితం చేతికివ్వగానే కొందరి మొహం చిన్నబోతుంది. "ఇంత చిన్నదా సార్?" అంటారు. ఆ ప్రశ్న వెనక ఏ అపోహలున్నాయో ఇన్నేళ్లలో బాగా తెలిసింది.

అపోహ: చిన్న బొమ్మ పెద్దదానికి రిహార్సల్ మాత్రమే.

వాస్తవం: పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న డచ్ చిత్రకారుడు వెర్మీర్ బొమ్మ, లేసు అల్లుతున్న అమ్మాయిది, ఎత్తు దాదాపు 24 సెంటీమీటర్లు, వెడల్పు 21. బడిపిల్లల పలకంత. మన హిమాలయ ప్రాంతపు పహాడీ సూక్ష్మచిత్రాలైతే చేతిలో పట్టుకుని చూసుకోవడానికే వేసినవి. పెద్ద బొమ్మని చూడాలంటే నాలుగడుగులు వెనక్కి వేస్తాం. చిన్నదాని మీదికి మనమే వంగుతాం.

అపోహ: చిన్నదైతే సులువు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్తే పడవలు, వలలు, తాళ్లు, జెండాలు, వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ, అన్నీ కార్డులోకి ఎక్కించాలని చూస్తారు. సన్నకుంచె పట్టి ఒక్కో తాడూ గీస్తే బొమ్మంతా చిక్కుపడిపోతుంది. అందుకే లావుపాటి 8వ నంబరు కుంచె ఒక్కటే ఇస్తాను. దాంతో తాళ్లు గీయడం వాళ్లకి కుదరదు. అప్పుడు కళ్లు చికిలించి చూడడం మొదలవుతుంది. పొద్దున ఎండ సముద్రం వైపు నుంచి వస్తుంది కదా, పడవ మనవైపు భాగమంతా ఒకటే నీలినీడ. ఆ నీడని ఒక్క దెబ్బలో వేసి, పై అంచున వెంట్రుకంత తెల్లకాగితం వదిలేస్తే చాలు, ఎండ వచ్చి కూర్చుంటుంది. ఏది వదిలెయ్యాలో ఇలా తెలిసినవాళ్లకి పెద్ద కాగితం దగ్గర కూడా చెయ్యి తడబడదు.

అపోహ: బోలెడు తీరిక ఉండాలి.

వాస్తవం: అరగంట చాలు. బీచ్ రోడ్డులో సూర్యోదయం రంగు ఎలాగూ అంతసేపు ఆగదు. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లలో ఆరుబయట కూర్చుని మబ్బుల్ని చిన్నచిన్న కాగితాల మీద వేసి, చాలావాటి వెనక తేదీ, సమయం, గాలివాటం రాసిపెట్టుకున్నాడు. ఇంకో లాభం: చిన్న కాగితం మీద వాష్ (పల్చగా పరిచిన నీటిరంగు) అంచు ఆరేలోపే ఆకాశం పూర్తవుతుంది, చారలు పడవు.

అపోహ: సామానుకి చాలా ఖర్చు.

వాస్తవం: 22×30 అంగుళాల షీటుని ఐదుసార్లు సగానికి చింపితే 32 కార్డులు. ఎర్రమట్టి దిబ్బలు వెయ్యాలంటే బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఆకర్, అల్ట్రామెరైన్, ఈ మూడు రంగులే.

అపోహ: బొమ్మ వెయ్యడం మనసుకి మేలు అనేది ఊరికే అనేమాట.

వాస్తవం: బొమ్మ వేసిన ప్రతిసారీ ప్రశాంతత దొరుకుతుందని నేను చెప్పను. ఒక్కోరోజు చిరాకే మిగులుతుంది. కానీ మా అమ్మ పోయాక కొన్ని నెలలు కుంచె ముట్టలేకపోయాను, పెద్ద కాగితం చూస్తేనే గుండె జారిపోయేది. ఒక సాయంత్రం ఆవిడ కాఫీ తాగే స్టీలు గ్లాసుని కార్డు మీద వేశాను. గ్లాసు అంచు మీద కిటికీ వెలుగు, అడుగున చిన్న సొట్ట. ఇరవై నిమిషాలు. చాలారోజుల తర్వాత ఒక పని మొదలుపెట్టి పూర్తిచేశాను. మర్నాడు ఇంకోటి వేశాను.

ఆ కార్డులన్నీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. మన సముద్రపు తేమకి కాగితం బూజు పడుతుంది, మీరూ డబ్బాలో ఒక సిలికా జెల్ పొట్లం వేసుకోండి. బొమ్మ వెనక తేదీ మాత్రం పెన్సిలుతోనే రాయండి, ఇంకు ఇవతలికి దిగుతుంది.