క్యాటలిస్ట్ ఐదుసార్లు వాడాం అంటే సరిపోతుందా?

క్యాటలిస్ట్ అంటే తాను ఖర్చవకుండా రియాక్షన్‌ని వేగం చేసేది, దాన్ని ఐదుసార్లు వాడాం కాబట్టి వ్యర్థం తక్కువ అని రీసెర్చ్ పేపర్లు చెప్పుకుంటాయి. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో బల్క్ డ్రగ్ కంపెనీలో చేసే చుట్టమో ఫ్రెండో హైదరాబాద్‌లో చాలామందికి ఉంటారు, వాళ్ళని పల్లాడియం కార్బన్ (బొగ్గుపొడి మీద పల్లాడియం లోహం ఎక్కించిన క్యాటలిస్ట్) గురించి అడిగితే దాన్ని ఎండనివ్వకూడదు అంటారు. హైడ్రోజనేషన్ (హైడ్రోజన్‌ని కలిపే రియాక్షన్) అయ్యాక ఫిల్టర్ మీద మిగిలిన ఆ నల్లపొడి ఆరి గాలి తగిలితే అంటుకుంటుంది, అందుకే తడిగానే డ్రమ్ముల్లోకెత్తి లోహం వెనక్కి తీసేవాళ్ళకి పంపుతారు. ఖరీదైంది కదా, పారబోయరు.

చవకదైతే పారబోస్తారు, గొడవంతా అక్కడే. బెంజీన్ లాంటి వాటి నుంచి కీటోన్లు తయారుచేసే ఫ్రీడెల్-క్రాఫ్ట్స్ ఎసైలేషన్‌లో అల్యూమినియం క్లోరైడ్ పేరుకే క్యాటలిస్ట్, తయారైన కీటోన్‌నే పట్టుకుని వదలదు కాబట్టి మోలుకి మోలు (అంటే అణువుకి అణువు లెక్కన), ఇంకాస్త ఎక్కువే వెయ్యాలి, చివర్లో నీళ్ళు పోసి విడగొడితే ఆసిడ్ పొగలు, అల్యూమినియం నిండిన నీళ్ళు. దీని బదులు జియోలైట్లు (సన్నటి రంధ్రాలుండే ఘన ఖనిజాలు) వచ్చాయి, అనిసోల్ లాంటి చురుకైన వాటికి బానే పనిచేస్తాయి, బెంజీన్ లాంటి మొండివాటితోనే కష్టం.

మన తార్నాకలోని కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐఐసీటీలో చౌదరి గారు, లక్ష్మీకాంతం గారి టీమ్ 2002లో లేయర్డ్ డబుల్ హైడ్రాక్సైడ్ అనే పొరల పదార్థం మీద నానో పల్లాడియం ఎక్కించి, లోహాన్ని పట్టి ఉంచే ఖరీదైన ఫాస్ఫీన్ లిగాండ్లు లేకుండానే చవకైన క్లోరో ఎరీన్లతో (క్లోరిన్ ఉన్న బెంజీన్ తరహా పదార్థాలు) కార్బన్‌కి కార్బన్ అతికించే హెక్, సుజుకి రియాక్షన్లు నడిపి చూపించారు. ఆ తర్వాత ఇలాంటి పేపర్లు ప్రపంచమంతా కుప్పలుతెప్పలు, చాలావాటిలో ఒక బార్ చార్ట్, ఐదుసార్లు వాడాం ప్రతిసారీ 95 శాతం సరుకు వచ్చింది అని.

నాకు పేచీ ఆ చార్ట్‌తోనే. గంటలో అయిపోయే రియాక్షన్‌ని పన్నెండు గంటలు తిప్పితే సగం చచ్చిన క్యాటలిస్ట్ కూడా 95 చూపిస్తుంది, అసలు కొలవాల్సింది రియాక్షన్ సగంలో ఉన్నప్పుడు వేగం. ఇంకోటి, హెక్, సుజుకిల్లో చాలాసార్లు పని చేసేది పొడి మీదున్న పల్లాడియం కాదు, దాన్నుంచి కరిగి ద్రవంలోకొచ్చింది. పొడి ఆర్టీసీ డిపో అనుకోండి, బస్సులు తిరిగేది రోడ్డు మీదే. చల్లారాక మళ్ళీ డిపో చేరతాయి కాబట్టి వేడిగా ఉన్నప్పుడే వడపోసి ఆ ద్రవంలో రియాక్షన్ ఇంకా నడుస్తుందేమో చూడాలి, నడిస్తే లోహం కారుతున్నట్టే. నడవకపోయినా ద్రవంలో పల్లాడియం ఎంతుందో విడిగా కొలవాల్సిందే.

నోటితో వేసుకునే మందులో పల్లాడియం రోజుకి 100 మైక్రోగ్రాములు దాటకూడదని మందుల నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే ఐసీహెచ్ గైడ్‌లైన్, అందుకని కారినదాన్ని పట్టడానికి మళ్ళీ స్కావెంజర్ (లోహాన్ని పట్టేసే పదార్థం) వెయ్యాలి, అదీ వ్యర్థమే. లోహమే లేని క్యాటలిస్ట్, ప్రోలీన్ అనే అమైనో ఆసిడ్ ఉందిగా, బెంజమిన్ లిస్ట్‌కి 2021లో నోబెల్ వచ్చింది అంటారా, 2000లో ఆయన చేసిన ఆల్డాల్ రియాక్షన్‌లో ప్రోలీన్ 30 మోల్ శాతం (వంద అణువుల ముడిసరుకుకి ముప్పై) పట్టింది, సాల్వెంట్ ఏమో డీఎంఎస్ఓ, 189 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాన్ని వెనక్కి తియ్యాలంటే కరెంటు బిల్లు ఎవరు కడతారు?