డీవీడీ రైటర్ తీసేశాక మిగిలే ఖాళీ: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ క్యాబినెట్‌లో డీవీడీ రైటర్ పాడైతే ఇప్పుడెవరూ కొత్తది కొనడం లేదు. పీకి పక్కన పడేస్తున్నారు. అక్కడ మిగిలిన ఖాళీ చూసి "అన్నా, ఇందులో ఇంకేమైనా పెట్టొచ్చా?" అని అడుగుతారు. పెట్టొచ్చు. కార్డ్ రీడర్, యూఎస్‌బీ ప్యానెల్, ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని డిస్కు), బయటికి లాగే హార్డ్ డిస్క్ ర్యాక్, ఫ్యాన్ కంట్రోలర్, ఏదైనా సరే. ఒకప్పుడు కాఫీ కప్పు పెట్టుకునే హోల్డర్, కార్లో ఉండే సిగరెట్ లైటర్ సాకెట్ ఉన్న ప్యానెల్ కూడా అమ్మారు.

నేను గుంటూరులో 20 ఏళ్లుగా ఫొటో స్టూడియోలకీ, డీటీపీ సెంటర్లకీ, ఆడిటర్ల ఆఫీసులకీ సిస్టమ్స్ బిగిస్తున్నాను. ఈ ఖాళీ దగ్గర జరిగే పొరపాట్లు చాలావరకు ఒకటే రకం. వస్తువు ఆ కన్నంలో పడుతుందా లేదా అని చూస్తారు గానీ, దాని తోక, అంటే వైరు, లోపల ఎక్కడికి వెళ్లాలో చూడరు.

అపోహ: 5.25 అంగుళాల బే అంటే వెడల్పు 5.25 అంగుళాలు.

బే అంటే క్యాబినెట్‌లో డ్రైవు కూర్చునే అర; డీవీడీ రైటర్‌ది 5.25 బే. టేపు పెట్టి కొలవండి. 146 మిల్లీమీటర్లు, అంటే 5.75 అంగుళాలు వస్తుంది. ఎత్తు 41 మిల్లీమీటర్ల పైచిలుకు. మరి 5.25 ఎక్కడిదంటే, ఫ్లాపీది. 1976లో షుగార్ట్ అసోసియేట్స్ తెచ్చిన ఫ్లాపీ డిస్కు కొలత అది. ఆ డిస్కు పట్టాలంటే డ్రైవు దానికంటే వెడల్పుగా ఉండాలి కదా. తర్వాత అదే చోట 12 సెంటీమీటర్ల సీడీ వచ్చి కూర్చుంది, పేరు మాత్రం మారలేదు. ఎత్తు సంగతీ అంతే. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఫ్లాపీ డ్రైవు ఇప్పటి రెండు బేలంత ఎత్తు ఉండేది. మనం ఇప్పుడు మామూలు అనుకుంటున్నది అప్పటి లెక్కలో సగం ఎత్తు.

3.5 అంగుళాల బే అసలు వెడల్పు 4 అంగుళాలు, 101.6 మిల్లీమీటర్లు. 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ అయితే 70 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఈ పేర్లను నమ్మి కొలతలు వేసుకుంటే పని చెడుతుంది. ఒక స్టూడియో ఆయన ఖాళీ మూయడానికి నల్ల అక్రిలిక్ ముక్కను సరిగ్గా 5.25 అంగుళాలకు కోయించుకుని వచ్చాడు. బేలో పెడితే పక్కన అర అంగుళం సందు. ఆ ముక్క ఇప్పటికీ మా బల్ల మీద టీ గ్లాసు కింద ఉంటుంది.

అపోహ: 3.5 బ్రాకెట్ ఏదైనా ఒకటే.

3.5 వస్తువును పెద్ద 5.25 బేలో నిలబెట్టే చట్రమే ఈ బ్రాకెట్. రెండు రకాలుంటాయి. ఒకటి లోపల దాక్కునే హార్డ్ డిస్కు కోసం. దీనికి ముందు మూత ఉండదు, లేదా కన్నం లేని మూత ఉంటుంది. రెండోది పాత ఫ్లాపీ డ్రైవు, కార్డ్ రీడర్‌లాంటి వాటి కోసం. దీని ముందు మూతలో 4 అంగుళాల కన్నం ఉంటుంది. కార్డ్ రీడర్ కొని మొదటి రకం బ్రాకెట్ తెచ్చుకుంటే కార్డు పెట్టే దారే ఉండదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు బొమ్మలో ముందు మూత చూసుకోండి, చాలు.

అపోహ: స్క్రూ స్క్రూనే, ఏదైతే ఏంటి?

నా దగ్గరికి వచ్చే వాటిలో పాడైన మరలే ఎక్కువ, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

క్యాబినెట్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కవర్‌లో రెండు రకాల స్క్రూలు కలిసి ఉంటాయి. ఒకదాని పేరు ఎం3. సన్నగా ఉంటుంది, మరలు దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒక్కో చుట్టుకు అర మిల్లీమీటరు దిగుతుంది. రెండోది 6-32. కొంచెం లావు, మరలు ఎడంగా ఉంటాయి, చుట్టుకు దాదాపు 0.8 మిల్లీమీటర్లు దిగుతుంది. డీవీడీ రైటర్, ఫ్లాపీ డ్రైవు, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీ ఎం3 తీసుకుంటాయి. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు 6-32 తీసుకుంటుంది. బ్రాకెట్‌ను క్యాబినెట్‌కి బిగించేటప్పుడు మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో దారి, అందుకే బ్రాకెట్‌తో వచ్చిన స్క్రూలను పారేయకండి.

తేడా చేతికే తెలుస్తుంది. ఎం3 పట్టాల్సిన చోట 6-32 పెడితే ఒక చుట్టు, ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుపోతుంది. అక్కడ "ఇంకొంచెం గట్టిగా" అని బలం పెట్టామా, లోపలి మర చెడిపోయినట్టే. తిరగేసి, 6-32 కన్నంలో ఎం3 పెడితే వేలితోనే జారిపోతూ దిగుతుంది, పట్టు ఉండదు, నాలుగు రోజుల్లో ఊడి మదర్‌బోర్డు మీద పడుతుంది. ఇనుప స్క్రూ పవర్ ఆన్‌లో ఉన్న బోర్డు మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నేను స్టార్ స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ప్రతి స్క్రూనీ వేళ్లతో రెండు చుట్లు తిప్పి చూస్తాను. వేళ్లతో సాఫీగా దిగితేనే డ్రైవర్ పెడతాను.

పొడుగు కూడా చూడాలి. ఎస్‌ఎస్‌డీ పక్క కన్నాల లోతు 3 మిల్లీమీటర్లే. పొడుగు స్క్రూ బిగిస్తే లోపలి బోర్డుకు తగులుతుంది.

అపోహ: ఎస్‌ఎస్‌డీని బ్రాకెట్ లేకుండా పెడితే పాడవుతుంది.

దాంట్లో తిరిగే భాగం ఏదీ లేదు. రెండు వైపులా అంటుకునే టేపుతో బే అడుగున అంటించినా హాయిగా పనిచేస్తుంది. వేలాడదీస్తే మాత్రం కేబుల్ బరువుకు సాటా కనెక్టర్ (డిస్కుకు వైర్లు తగిలించే చోటు) ప్లాస్టిక్ విరుగుతుంది. హార్డ్ డిస్కుకు ఈ టేపు వైద్యం చేయకండి, అది తిరిగే వస్తువు.

అపోహ: ప్లగ్ పట్టిందంటే కరెక్ట్ చోటే.

యూఎస్‌బీ 2.0 ప్యానెల్ వైరు మదర్‌బోర్డు మీద 9 పిన్నుల గుత్తికి వెళ్తుంది. 5 చొప్పున రెండు వరసలు, ఒక పిన్ను లేదు. పాత బోర్డుల్లో ఫైర్‌వైర్ (పాత వీడియో కెమెరాలు తగిలించే పోర్టు) గుత్తి కూడా అచ్చం ఇదే ఆకారంలో ఉంటుంది, లేని పిన్ను కూడా అదే మూల. కానీ దాంట్లో 12 వోల్టులు వస్తాయి. యూఎస్‌బీకి కావాల్సింది 5. ఆ ప్లగ్ అందులో హాయిగా కూర్చుంటుంది, తర్వాత గుచ్చిన పెన్ డ్రైవు కాలిపోతుంది. బోర్డు మీద అక్షరాలు చదవడానికి ఫోన్ టార్చ్ వేసుకోవడం నామోషీ కాదు.

అపోహ: యూఎస్‌బీ 3.0 ప్యానెల్ పెడితే స్పీడ్ దానంతటదే వస్తుంది.

3.0 ప్యానెల్ తోక లావుగా, మొండిగా ఉంటుంది, 19 పిన్నుల సాకెట్ కావాలి. మదర్‌బోర్డు మీద అది లేకపోతే షాపులో 19 నుంచి 9కి మార్చే చిన్న ముక్క ఇస్తారు. అది పెడితే నీలం రంగు పోర్టు కనిపిస్తుంది గానీ నడిచేది 2.0 స్పీడే.

ఈ తేడా పెళ్లి ఫొటోలు తీసేవాళ్లను అడగండి. 2.0లో కాపీ చేస్తే సెకనుకు 35 ఎంబీ అటూ ఇటూగా వస్తుంది. 64 జీబీ కార్డు నిండా ఉంటే అరగంట. మంచి కార్డు, 3.0 రీడర్ ఉండి సెకనుకు 90 ఎంబీ వస్తే 12 నిమిషాల్లో అయిపోతుంది. మాఘమాసం ముహూర్తాల్లో రాత్రి రెండింటికి నాలుగు కార్డులు పట్టుకుని కూర్చున్న కుర్రాడికి ఆ 18 నిమిషాలు నాలుగుసార్లు కలిసొస్తాయి. అందుకే స్టూడియో వాళ్లకు నేను చెప్పేది, బేలో పెట్టే కార్డ్ రీడర్ కొనేముందు దాని వైరు కొన చూడండి. చాలా చవక రీడర్లకు ముందు ఎంత మెరుపు ఉన్నా వెనక 9 పిన్నుల తోకే ఉంటుంది.

ఆ 19 పిన్నుల ప్లగ్‌ని లాగేటప్పుడు అటూ ఇటూ ఊపకండి. నిటారుగా పైకి లాగండి. పక్కకి వంచితే ప్లగ్‌తో పాటు సాకెట్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గోడ కూడా ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అన్నట్టు ఒక 19 పిన్నుల సాకెట్‌లో ఉండేది రెండు పోర్టులకు సరిపడా సరుకే. నాలుగు, ఏడు పోర్టులున్న ప్యానెల్ ఒకే వైరుతో వచ్చిందంటే లోపల హబ్ (ఒక లైనును చాలా పోర్టులకు పంచే సర్క్యూట్) ఉందన్నమాట. పోర్టుకు 900 మిల్లీఆంపియర్ల చొప్పున రెండింటికి వచ్చే కరెంటునే అన్నీ పంచుకుంటాయి, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా) నుంచి విడిగా పవర్ తీసుకునే ప్యానెల్ అయితే తప్ప.

అపోహ: డబ్బా మీద 52-ఇన్-1 అని ఉంటే 52 రకాల సౌకర్యం.

ముందు నాలుగైదు కన్నాలే ఉంటాయి. ఒకే కార్డుకున్న పేర్లన్నీ లెక్కపెట్టి ఆ అంకె వేస్తారు. అసలు తలనొప్పి ఇంకోటి. విండోస్ ఒక్కో ఖాళీ కన్నానికి ఒక్కో డ్రైవ్ లెటర్ ఇచ్చేస్తుంది. ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఇలాంటి రీడర్ బిగించి వచ్చాను. రోజూ సాయంత్రం వాళ్ల పెన్ డ్రైవులోకి బ్యాకప్ వెళ్లేలా అంతకుముందు నేనే ఒక బ్యాచ్ ఫైల్ (కమాండ్లు వరసగా నడిపే చిన్న ఫైలు) రాసిచ్చాను, ఎఫ్ డ్రైవు పేరుతో. రీడర్ వచ్చాక పెన్ డ్రైవు జేకి వెళ్లింది, ఎఫ్‌లో ఖాళీ కన్నం కూర్చుంది. పది రోజులు బ్యాకప్ లేదు. ఆయన గొంతు పెంచలేదు గానీ, "ఏవయ్యా, కార్డ్ పెట్టుకోడానికి చోటిచ్చావు, అకౌంట్లు పెట్టుకోడానికి లేకుండా చేశావు" అన్నారు. ఇప్పుడు రీడర్ బిగించిన వెంటనే డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఖాళీ కన్నాలకు చివరి అక్షరాలు ఇచ్చి వస్తున్నాను.

అపోహ: కొత్త ప్యానెల్ పెట్టాక షాక్ కొడుతోంది, ప్యానెల్ డిఫెక్ట్.

ఈ ఫోన్ నెలకొకటైనా వస్తుంది. ప్యానెల్ తప్పు చాలా అరుదు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు ఫిల్టర్‌లో రెండు చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఇనుప బాడీకి కలిసి ఉంటాయి. గోడలో ఎర్త్ సరిగ్గా ఉంటే అక్కడికి వచ్చే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే 230 వోల్టుల్లో సగం, అంటే 115 దాకా క్యాబినెట్ బాడీ మీదే నిలుస్తుంది. కరెంటు మిల్లీ ఆంపియర్‌లో ఏ కొంచెమో, కాబట్టి చిన్న చురుకు మాత్రమే. ప్లాస్టిక్ డీవీడీ రైటర్ ఉన్నన్నాళ్లు మీ వేలికి ఆ ఇనుము తగల్లేదు. ఇప్పుడు ఇనుప యూఎస్‌బీ నోరు ముందుకొచ్చింది, చెప్పుల్లేకుండా గచ్చు మీద కాలు పెట్టి ముట్టుకున్నారు, తెలిసింది. అంటే రోగం పాతది, కనిపెట్టింది ప్యానెల్.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించుకోండి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడుతుంటే ముందు దాన్ని మార్చండి. చురుకు కాకుండా గట్టిగా కొడితే అది వేరే సంగతి, వెంటనే ప్లగ్ తీసేయండి.

అపోహ: సాటా పవర్ ప్లగ్‌లు చాలకపోతే మోలెక్స్ కన్వర్టర్ వేస్తే సరి.

వేయొచ్చు, కానీ రకం చూసి. మోలెక్స్ అంటే నాలుగు లావు పిన్నులది, పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, రెండు నలుపు. సాటా వైపు ప్లాస్టిక్‌ను వైర్ల మీద కరిగించి పోసినట్టు ఒకే ముద్దగా ఉంటే నేను వాడను. లోపల వైర్లు దగ్గరగా జరిగి షార్టయి కాలిపోయిన ముద్దలు చూశాను. ఒక్కో వైరు విడిగా దిగి, వెనక మూత తెరుచుకునే రకం తీసుకోండి.

అపోహ: లాగే ర్యాక్ ఉంటే హార్డ్ డిస్కును ఎప్పుడైనా లాగొచ్చు.

ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) ఆ సాటా పోర్టుకు హాట్ ప్లగ్, అంటే పవర్ ఉండగానే తీసిపెట్టే వీలు, ఆన్ చేయాలి, సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. లాగేముందు విండోస్‌లో సేఫ్‌గా రిమూవ్ చేసి, లోపలి పళ్లేల తిరుగుడు ఆగేదాకా ఓ అర నిమిషం ఆగండి. తిరుగుతున్న దాన్ని చేత్తో వంచితే మీ మణికట్టుకే తెలుస్తుంది అది ఎలా ఎదురు తిరుగుతుందో. పాత తాళంచెవి ర్యాకుల్లో తాళం వేస్తేనే పవర్ వస్తుంది. "డిస్క్ చచ్చిపోయింది, రెండేళ్ల పెళ్లిళ్లు పోయాయి" అని ఒకతను టెన్షన్‌తో చెమటలు కక్కుతూ వచ్చాడు. తాళం తిప్పి ఇచ్చాను.

మూడు బేలలో ఐదు హార్డ్ డిస్కులు పట్టే బోనులు కూడా దొరుకుతాయి. కొనేముందు బే లోపలి గోడ మీద వేలు పెట్టి చూడండి. డీవీడీ రైటర్ కూర్చోవడానికి బేకీ బేకీ మధ్య చిన్న రేకు నాలుకలు పొడుచుకు వచ్చి ఉంటే ఆ బోను లోపలికి వెళ్లదు. వాటిని కటింగ్ ప్లేయర్‌తో గోడకు ఆనించి వంచాలి. ఆ పనికి ముందు మదర్‌బోర్డు బయటికి తీయండి, ఇనుప పొడి రాలుతుంది.

అపోహ: ఏమీ పెట్టకపోతే ఖాళీగా వదిలేయొచ్చు, గాలి ఆడుతుంది.

దుమ్మూ ఆడుతుంది, బల్లులూ ఆడతాయి. వెచ్చగా ఉంటుందని బల్లి ఎస్‌ఎంపీఎస్‌లో దూరి, అది పోయి, ఎస్‌ఎంపీఎస్‌ను కూడా తీసుకుపోయిన కేసులు మా షాపులో వానాకాలం మామూలే. క్యాబినెట్ కొన్నప్పుడు పీకేసిన ఆ ప్లాస్టిక్ మూత పెట్టెలో ఉందేమో వెతకండి. లేకపోతే పాడైన డీవీడీ రైటర్‌నే వైర్లు తీసేసి తిరిగి బిగించేయండి. ఎం3 స్క్రూలతో.