జ్వరం వచ్చేది మన ఊళ్లోనే: బ్లడ్ క్యాన్సర్ నర్సింగ్‌పై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఎముక మజ్జ మార్పిడి వార్డులో పన్నెండేళ్లు పనిచేసి, నిరుడు సొంత జిల్లా శ్రీకాకుళానికి తిరిగి వచ్చాను. ఇక్కడి నర్సులకు బ్లడ్ క్యాన్సర్ రోగుల సంరక్షణ గురించి తరగతులు చెబుతున్నాను. ప్రతి తరగతిలోనూ కొన్ని మాటలు ఎదురవుతాయి. అవి అశ్రద్ధ వల్ల పుట్టినవి కావు. ఈ విషయాలు వాళ్లకు ఇంతవరకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే.

అపోహ: "కీమో విశాఖలో ఇస్తారు కదా అక్కా, ఈ చదువు మాకెందుకు?"

కీమో విశాఖలో ఎక్కిస్తారు, నిజమే. మందు ఎక్కించుకున్న మనిషి సాయంత్రం రైలెక్కి పలాసకో, టెక్కలికో, ఇచ్ఛాపురానికో వచ్చేస్తాడు. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయేది సాధారణంగా ఏడో రోజుకు, పద్నాలుగో రోజుకు మధ్య. అప్పటికి అతను ఇంట్లో ఉంటాడు. అర్ధరాత్రి జ్వరం వస్తే అతన్ని మొదట చూసేది దగ్గరలోని ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు.

న్యూట్రోఫిల్ కణాలు (సూక్ష్మజీవులతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఒక మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గిన రోగికి ఒక్కసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ కనిపించినా, 100.4 డిగ్రీలు గంటసేపు నిలిచినా అది అత్యవసర పరిస్థితి. రోగి గడప దాటి లోపలికి వచ్చిన గంటలోపు మొదటి యాంటీబయోటిక్ నరంలోకి వెళ్లాలి. ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీయండి, ఫలితం కోసం మాత్రం ఆగకండి. నేను వార్డులో ఉన్నప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రవాణ్ణి తీసుకొచ్చారు. వాళ్ల ఊళ్లో రెండు రోజులు పారాసిటమాల్ ఇచ్చారు. "జ్వరం తగ్గింది కదమ్మా, బాగున్నాడనుకున్నాం" అంది తల్లి. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి, పై బీపీ డెబ్భై. పదకొండు రోజులు ఐసీయూలో ఉండి బతికాడు. ఆ రెండు రోజుల్లో ఒక్కరు అతని కీమో కాగితం చూసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

అపోహ: "చీము లేదు, వాపు లేదు. ఇన్ఫెక్షన్ కాదు."

చీములో ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిల్ కణాలే. ఆ కణాలే లేనివాడికి చీము ఎక్కడి నుంచి వస్తుంది? గొంతు శుభ్రంగా ఉంటుంది, ఎక్స్‌రేలో మచ్చ ఉండకపోవచ్చు, పిక్ లైన్ (మందులు ఎక్కించడానికి చేతి నరంలో పెట్టి ఉంచే సన్నని గొట్టం) చుట్టూ ఎరుపు కూడా ఉండకపోవచ్చు. ఒక్కోసారి జ్వరం ఒక్కటే ఆధారం. మొత్తం తెల్లకణాల సంఖ్యను చూసి కూడా ధైర్యపడకండి. లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 60,000 ఉన్నా అందులో చాలావరకు పనికిరాని లేత కణాలు కావచ్చు. లెక్క మీరే వేయండి: మొత్తం 1,200, న్యూట్రోఫిల్స్ 20 శాతం అంటే చేతిలో ఉన్నవి 240 మాత్రమే.

అపోహ: "జ్వరానికి తుంటికి ఒక ఇంజక్షన్ వేస్తే సరిపోతుంది."

రక్తస్రావాన్ని ఆపే ప్లేట్‌లెట్లు 10,000కు పడిపోయిన మనిషికి కండరంలోకి సూది గుచ్చితే లోపల రక్తం చేరి గడ్డకడుతుంది. దయచేసి వేయకండి. ఎనిమా కూడా వద్దు.

అపోహ: "ఉద్దానం మనిషి కదా, క్రియాటినిన్ పెరిగితే కిడ్నీ జబ్బే."

క్రియాటినిన్ అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత పెద్ద బాధో మనకు తెలుసు కాబట్టే ఈ మాట అంత తేలిగ్గా నోటికి వస్తుంది. కానీ మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్ కూడా కిడ్నీలను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది. దానితో నడుములోనో పక్కటెముకల్లోనో తగ్గని నొప్పి, రక్తంలో కాల్షియం పెరగడం ఉంటాయి. "ఎముకల్లో నొప్పి ఉందా, ఎన్నాళ్లుగా?" అని అడిగి, జవాబును డాక్టరు చెవిన వేయండి. మిగతా పరీక్షలు ఆయన రాస్తారు.

అపోహ: "మూలకణాలు ఇస్తే వెన్నెముక పాడవుతుంది."

ఎముక మజ్జ మార్పిడికి కావలసిన ఈ కణాలను ఇప్పుడు చాలామంది దాతల నుంచి చేతి నరం ద్వారానే సేకరిస్తారు. అంతకు ముందు నాలుగైదు రోజులు చర్మం కింద ఇంజక్షన్లు ఉంటాయి, ఒళ్లు నొప్పులు వస్తాయి. వెన్నెముక జోలికి వెళ్లరు.

అపోహ: "కార్-టి కణాలు ఎక్కించేశారు, ఇక పని అయిపోయింది."

రోగి సొంత రోగనిరోధక కణాలతోనే క్యాన్సర్‌కు చేసే కార్-టి చికిత్స ఇక మన దేశానికి కొత్త మాట కాదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. రోగి టి కణాలను తీసి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా జన్యుమార్పు చేసి, పెంచి తిరిగి ఎక్కిస్తారు. ఎక్కించడానికి కొద్ది నిమిషాలు చాలు. నర్సు పని ఆ తరవాతే మొదలవుతుంది. మొదట జ్వరం, తరవాత బీపీ, ఆక్సిజన్ పడిపోవచ్చు. అవసరమైతే ఆ ప్రతిచర్యను అణచే టోసిలిజుమాబ్ అనే మందు ఇస్తారు. మెదడుపై ప్రభావం ఇంకా నిశ్శబ్దంగా వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి రోజూ పది మార్కుల చిన్న పరీక్ష పెడతాం: ఏ సంవత్సరం, ఏ నెల, ఏ ఊరు, ఏ ఆసుపత్రి, మూడు వస్తువుల పేర్లు, ఒక సూచన పాటించడం, ఒక వాక్యం రాయడం, వంద నుంచి పది చొప్పున వెనక్కి లెక్కపెట్టడం.

ఒక పెద్దాయన రోజూ ఉదయం నోటుపుస్తకంలో "మా ఊరు బొబ్బిలి" అని రాసేవారు. నాలుగు రోజులు ముత్యాల్లాంటి అక్షరాలు. అయిదో రోజు బీపీ బాగుంది, మాట బాగుంది, కానీ 'బ్బి' కింద వత్తు లేదు, గీత జారిపోయింది. వెంటనే డాక్టరును పిలిచాం. సాయంత్రానికి ఆయన వాచీని చూపిస్తే పేరు చెప్పలేకపోయారు. చికిత్స అప్పటికే మొదలైంది కాబట్టి వారంలో తేరుకున్నారు. చదువు రాని రోగి అయితే వచ్చిన మొదటి రోజే అతను చేయగలిగింది ఏమిటో రాసిపెట్టుకోండి. పోల్చి చూడవలసింది ఆ మొదటి రోజుతోనే.

ఇంటికి వచ్చాక కూడా ఈ రోగులకు బి కణాలు, అవి తయారీకి తోడ్పడే ఇమ్యునోగ్లోబులిన్లు (ఇన్ఫెక్షన్లను ఎదిరించే ప్రొటీన్లు) నెలల తరబడి తక్కువగా ఉండవచ్చు. కణాల సంఖ్య మళ్లీ పడిపోవచ్చు. అంటే మళ్లీ జ్వరం, మళ్లీ మన ఊరు.

అపోహ: "ఇదంతా నేర్చుకోవాలంటే ఉద్యోగం మానేయాలి."

పూర్తిస్థాయిలో కావాలనుకుంటే ఆంకాలజీ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది, తప్పక చేయండి. జ్వరం వచ్చిన మొదటి గంటను నడపడానికి మాత్రం అంతవరకు ఆగనవసరం లేదు. నా తరగతికి వచ్చేటప్పుడు మీ ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు చేతికి అందే యాంటీబయోటిక్ ఇంజక్షన్లు ఏవేవో, ఆ అలమారా తాళం ఎవరి దగ్గర ఉంటుందో రాసుకుని రండి. మనం అక్కడి నుంచే మొదలుపెడదాం.