అక్కకు రెండున్నర లక్షలు, తమ్ముడికి 74 వేలు: ఒకే ఫ్లాటుపై రెండు పన్నులు ఎలా వచ్చాయి

పన్ను రిటర్నుల కాలం వస్తే చాలు, ఈ గొడవ మళ్లీ రాజుకుంటుంది. తల్లిదండ్రులు పోయాక ఇక్కడి ఇల్లో ఫ్లాటో అమ్మి, వచ్చిన డబ్బును తాము స్థిరపడ్డ దేశంలో పెట్టుబడిగా పెట్టుకోవాలనుకునే ప్రవాసులు అడిగే ప్రశ్న ఒక్కటే. ఒకే తండ్రి బిడ్డలం, ఒకే దస్తావేజు మీద సంతకాలు చేశాం, మరి పన్ను మాత్రం రెండు రకాలుగా ఎందుకు?

దీనికి జవాబు 2024 జూలై 23కూ ఆగస్టు 7కూ మధ్య ఉన్న పదిహేను రోజుల్లో ఉంది. వారసత్వ పన్ను గురించి మన దగ్గర తరచు జరిగే చర్చకు దీనితో సంబంధం లేదు. ఆ పన్ను 1985లోనే రద్దయింది. తండ్రి ఆస్తి బిడ్డ చేతికి వచ్చినందుకు ఇక్కడ పన్ను లేదు. చిక్కంతా ఆ ఆస్తిని అమ్మిన రోజున మొదలవుతుంది.

జూలై 23న కేంద్ర బడ్జెట్ స్థిరాస్తి అమ్మకం లెక్కను మార్చింది. అంతకు ముందు దీర్ఘకాలిక మూలధన లాభంపై, అంటే ఏళ్ల తరబడి ఉంచుకున్న ఆస్తిని అమ్మితే వచ్చే లాభంపై, 20 శాతం పన్ను ఉండేది. అయితే కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి చూపే వీలుండేది. ఇండెక్సేషన్ అని అందరూ అనేది దాన్నే. బడ్జెట్ ఆ వీలును తీసేసి, పన్నును 12.5 శాతానికి తగ్గించింది. దేశమంతటా మధ్యతరగతి నుంచి నిరసన వచ్చింది. ఆగస్టు 7న లోక్‌సభ ఆర్థిక బిల్లును సవరణలతో ఆమోదించింది. 2024 జూలై 23కు ముందు సంపాదించిన భూమి, భవనం అయితే పాత లెక్క, కొత్త లెక్క రెండూ వేసుకుని ఏది తక్కువైతే ఆ పన్నే కట్టవచ్చని సవరణ చెప్పింది. ఈ వెసులుబాటు వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు ఇచ్చారు. కాని ముందు ఒక మాట చేర్చారు: 'నివాసి' అయి ఉండాలి, అంటే పన్ను చట్టం లెక్కలో భారత్‌లో ఉంటున్నవారై ఉండాలి.

ఆ ఒక్క మాట బరువెంతో తెలియాలంటే ఒక లెక్క వేసి చూడాలి. రాజమహేంద్రవరంలో ఒక ఉపాధ్యాయుడు 2012లో పదవీ విరమణ డబ్బుతో 40 లక్షలకు ఫ్లాటు కొన్నాడనుకుందాం. 2024 మొదట్లో ఆయన పోయారు. కూతురు డాలస్‌లో, కొడుకు హైదరాబాద్‌లో. ఆ ఏడాది చివర ఇద్దరూ కలిసి ఫ్లాటును 80 లక్షలకు అమ్మారు, చెరి సగం పంచుకున్నారు. వారసులకు కొన్న ధర అంటే తండ్రి కొన్న ధరే. ఆయన దగ్గర ఆస్తి ఉన్న కాలం కూడా వాళ్ల ఖాతాలోకే వస్తుంది.

ద్రవ్యోల్బణ సూచీ 2012-13లో 200, 2024-25లో 363. తమ్ముడి వాటాలోని 20 లక్షల కొనుగోలు ధర ఈ సూచీతో 36.3 లక్షలవుతుంది. 40 లక్షల్లోంచి అది తీసేస్తే లాభం 3.7 లక్షలు. 20 శాతం చొప్పున పన్ను 74 వేలు. అక్కకు సూచీ వర్తించదు. ఆమె లాభం 20 లక్షలు, 12.5 శాతం చొప్పున పన్ను రెండున్నర లక్షలు. సెస్సు దీనికి అదనం. తేడా ఒక లక్షా 76 వేలు.

కొత్త పద్ధతి ప్రవాసులందరినీ దెబ్బతీసిందనడం సరి కాదు. 2001కి ముందు కొన్న ఆస్తికి ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువను కొనుగోలు ధరగా తీసుకోవచ్చు. దాన్నుంచి లెక్కిస్తే, 2024-25లో అమ్మిన ఆస్తి విలువ సుమారు ఎనిమిది రెట్లు దాటి ఉంటే 12.5 శాతం పద్ధతే మేలు. హైదరాబాద్ పడమటి శివార్లలో స్థలం ఉన్న కుటుంబాల్లో చాలా మంది ఈ కోవలోకి వస్తారు. పైగా 2001 నాటి విలువ రిజిస్ట్రేషన్ కార్యాలయపు ప్రభుత్వ విలువను మించకూడదన్న నిబంధన 2020 నుంచి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ రోజుల్లో ప్రభుత్వ విలువకూ బజారు ధరకూ ఎంత దూరమో స్థలం కొన్నవాళ్లందరికీ తెలుసు. తక్కువగా ఉన్న ఆ ప్రభుత్వ విలువతో కొలిస్తే ఎనిమిది రెట్లు దాటడం ఇంకా సులువు. దెబ్బ తగిలింది మాత్రం చిన్న పట్టణాల్లో ఫ్లాట్లు, పాత ఇళ్లు వదిలిపోయిన తండ్రుల పిల్లలకు. 2012లో కొన్న ఫ్లాటు పన్నెండేళ్లలో మూడు రెట్లకు పైగా పెరిగితే తప్ప కొత్త లెక్క వాళ్లకు కలిసిరాదు. పాతబడుతున్న ఫ్లాటు అలా పెరగడం అరుదు.

ప్రభుత్వ వాదన కొట్టిపారేయదగింది కాదు. రేటు తగ్గింది, లెక్క సులువైంది. నివాసి, ప్రవాసి అనే తేడా ఆదాయపు పన్ను చట్టంలో కొత్తదీ కాదు. నివాసికి వేరే ఆదాయం లేకపోతే కనీస మినహాయింపును ఈ లాభంలో సర్దుకోవచ్చు, ప్రవాసికి ఆ వీలు ముందు నుంచీ లేదు. కాని వారసత్వంగా వచ్చిన ఇంటి విషయంలో లాభం ఎంత అన్న లెక్కే మనిషి ఉండే చోటును బట్టి మారడం 2024 ఆగస్టు దాకా లేదు.

ఇది మింగుడు పడకపోవడానికి మరో కారణం ఉంది. విదేశీ మారక చట్టం ఈ విషయంలో ప్రవాస వారసుడిని ఇంతకంటే గౌరవంగా చూసింది. ఉల్లంఘనను క్రిమినల్ నేరంగా చూసిన 1973 నాటి ఫెరా (విదేశీ మారక నియంత్రణ చట్టం) పోయి, 2000 జూన్ 1న ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) అమల్లోకి వచ్చింది. దాని ఆరో సెక్షన్ అయిదో ఉపవిభాగం సూటిగా ఉంటుంది: భారత్‌లో నివసించిన వ్యక్తి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తిని విదేశాల్లో ఉంటున్న వ్యక్తి తన దగ్గర ఉంచుకోవచ్చు, బదిలీ చేయవచ్చు, ఇక్కడే పెట్టుబడి పెట్టవచ్చు. ప్రవాసి కొనడానికి వీల్లేని వ్యవసాయ భూమి కూడా వారసత్వంగా వస్తే నిలుస్తుంది. దాన్ని అమ్మాలంటే మాత్రం ఇక్కడ ఉండే వ్యక్తికే అమ్మాలి. అమ్మగా వచ్చిన డబ్బును, ప్రవాసులు ఇక్కడి ఆదాయం వేసుకునే ఎన్‌ఆర్‌ఓ బ్యాంకు ఖాతాలో వేసి, ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల దాకా బయటకు పంపుకోవచ్చు. బిడ్డ ఎక్కడ ఉన్నా తండ్రి ఆస్తి తండ్రి ఆస్తే అన్న భావన ఆ చట్టంలో ఉంది. పాతికేళ్లు తిరగకముందే పన్ను చట్టం అందుకు ఎదురు నడిచింది.

డాలస్ అక్క కష్టం రెండున్నర లక్షలతో ఆగదు. తమ్ముడి 40 లక్షల్లోంచి కొనుగోలుదారు పన్ను కింద ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టేది ఒక శాతం, అంటే 40 వేలు. ఆమె వాటాలోంచి పట్టుకోవలసింది లాభంపై పన్నే అయినా, ఆ లాభమెంతో కొనుగోలుదారు తేల్చలేడు. అందుకే మొత్తం ధర మీద సెస్సుతో కలిపి 13 శాతం కోసేయడం వాడుకగా మారింది. అది 5 లక్షల 20 వేలు. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే ధ్రువపత్రం తెచ్చుకుంటే ఈ బాధ తప్పుతుంది. ఫ్లాటు బేరం కుదిరి, అడ్వాన్సు తీసుకుని, తిరుగు ప్రయాణానికి టికెట్ ఉన్న మనిషికి అది జరిగే పనేనా? చాలా మంది కోతకు ఒప్పుకుని, తరువాత రిఫండు కోసం ఎదురు చూస్తారు.

ఇక అమెరికా లెక్క. అక్కడి చట్టం వారసుడికి కొన్న ధరగా తండ్రి పోయిన రోజు విలువను ఇస్తుంది. ఆ రోజు ఫ్లాటు విలువ 78 లక్షలైతే ఆమె వాటా 39 లక్షలు. మారకపు రేటు పక్కన పెడితే అమెరికా కంటికి ఆమె లాభం లక్ష రూపాయలే. అక్కడ కట్టాల్సింది దాదాపు ఏమీ లేనప్పుడు, ఇక్కడ కట్టిన రెండున్నర లక్షలను దేనిలోంచి తగ్గించుకుంటుంది? ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ దొరికే జమలో వాడుకోలేక మిగిలినదాన్ని పదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు, అదే తరహా విదేశీ ఆదాయం ఉంటేనే. 1989లో కుదిరిన ఇరు దేశాల పన్ను ఒప్పందం కూడా ఇక్కడ ఆదుకోదు. మూలధన లాభంపై ఎవరి చట్టం ప్రకారం వారు పన్ను వేసుకోవచ్చని అందులోనే ఉంది. రెండు దేశాలూ ఒకే ఆస్తిని రెండు వేర్వేరు రోజుల నుంచి కొలుస్తున్నాయి. ఆ నష్టం పూర్తిగా వారసురాలి మీదే పడుతుంది.

"డబ్బును ఇక్కడే ఉంచి మ్యూచువల్ ఫండ్‌లో వేస్తే సరిపోతుంది కదా" అని బంధువులు సలహా ఇస్తారు. అమెరికాలో ఉన్నవారికి అది ప్రమాదకరమైన సలహా. విదేశీ ఫండ్లలో సొమ్ము దాచి పన్నును వాయిదా వేసుకునే సంపన్నులను అడ్డుకోవడానికి అమెరికా 1986లో ఒక నిబంధన తెచ్చింది. దాని కింద మన మ్యూచువల్ ఫండ్ కూడా వస్తుంది. వేరే పద్ధతి ఎంచుకోకపోతే, అమ్మిన రోజు లాభాన్ని ఉంచుకున్న ఏళ్లన్నిటికీ పంచి, గడిచిన ఏళ్ల వాటాకు ఆయా ఏళ్ల అత్యధిక రేటు వేసి, పైన వడ్డీ కలుపుతారు. ఒక్కో ఫండుకు ఒక్కో ఫారం నింపాలి. ఉద్యోగ వీసా మీద ఉండి అక్కడ పన్ను నివాసిగా లెక్కకు వచ్చేవారికీ ఇదే వర్తిస్తుంది. 2015 జూలైలో భారత్, అమెరికా ఖాతాల సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం చేసుకున్నాక ఈ సంగతి దాగే వీలు పోయింది. ఈ నిబంధనల భారం వల్లే మన ఫండ్ సంస్థలు కొన్ని అమెరికా, కెనడా ప్రవాసుల నుంచి డబ్బు తీసుకోవడం మానేశాయి.

ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ వేస్తే వడ్డీలో 30 శాతం, ఆపైన సెస్సు ముందే పోతుంది. ఒప్పందం ప్రకారం 15 శాతానికి తగ్గించుకోవాలంటే అమెరికా నుంచి నివాస ధ్రువపత్రం తేవాలి. అందుకే ఆమెకు మిగిలే తెలివైన దారి, డబ్బును తాను బతికే దేశానికి తీసుకెళ్లి అక్కడి కరెన్సీలో, అక్కడి చట్టం గుర్తించే పెట్టుబడిలో పెట్టడం. వారసత్వ సొమ్ము లక్ష డాలర్లు దాటితే పన్ను లేకపోయినా ఆ సంగతి అమెరికా పన్ను శాఖకు ప్రత్యేక ఫారంలో చెప్పాలి. మరచిపోతే జరిమానా ఆ సొమ్ములో 25 శాతం దాకా వెళ్లవచ్చు. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ఈ ఫారం సంగతి సాధారణంగా రెండేళ్లకు, ఎవరో చెబితే తెలుసుకుంటుంది.

ప్రవాసులు కోరుతున్నది కొత్త రాయితీ కాదు. ఆగస్టు 7న నివాసికి ఇచ్చిన రెండు లెక్కల ఎంపికను, కనీసం వారసత్వంగా వచ్చిన ఆస్తికైనా, తమకూ ఇవ్వమంటున్నారు. 2025 ఫిబ్రవరి బడ్జెట్ వచ్చింది, వెళ్లింది. 'నివాసి' అన్న ఆ మాట మారలేదు.

ఇప్పటికి ఆమెకు చట్టం చూపే ఊరట ఒకటుంది. అమ్మిన ఆరు నెలల్లోగా లాభాన్ని ప్రభుత్వం గుర్తించిన బాండ్లలో, 50 లక్షల పరిమితికి లోబడి, పెడితే ఈ పన్ను ఉండదు. ఆ బాండ్లను అయిదేళ్లు కదపకూడదు. అంటే ఈ దారిలో పన్ను తప్పించుకోవాలంటే ఆమె 20 లక్షలూ అయిదేళ్లు రూపాయల్లో ఇక్కడే ఉండాలి, వాటి వడ్డీకి రెండు దేశాల్లోనూ లెక్క చెప్పాలి. తమ్ముడు మాత్రం 74 వేలు కట్టి, మిగిలిన డబ్బును మరునాడే తనకు నచ్చిన చోట పెట్టుకున్నాడు.