కోర్సు పాసైతే తుపాకీ కొనొచ్చా?

అమెరికాలో తుపాకీ వాడకం నేర్పే, తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (ఎన్‌ఆర్‌ఏ) సర్టిఫై చేసిన ఇన్‌స్ట్రక్టర్‌ని నేను. మనవాళ్లు క్లాసుకు వచ్చిన ప్రతిసారీ చివర్లో ఒకటే ప్రశ్న: "సర్టిఫికెట్ వచ్చేసింది కదన్నా, ఇక గన్ కొనుక్కోవచ్చుగా?" వినీ వినీ ఇది రాస్తున్నాను.

అపోహ: ఎన్‌ఆర్‌ఏ కోర్సు చేసి, మెంబర్‌షిప్ కడితే తుపాకీ పెట్టుకునే అర్హత వచ్చినట్టే.

వాస్తవం: రాదు. ఎన్‌ఆర్‌ఏ ప్రభుత్వ సంస్థ కాదు. మేమిచ్చేది మీరు ఫలానా కోర్సు పూర్తి చేశారని చెప్పే కాగితం. కొన్ని రాష్ట్రాలు క్యారీ పర్మిట్‌కి (తుపాకీ వెంట పెట్టుకుని తిరిగే అనుమతికి) దాన్ని శిక్షణ రుజువుగా ఒప్పుకుంటాయి, పర్మిట్ ఇచ్చేది మాత్రం రాష్ట్రమే. వాటన్నిటి కంటే ముందు ఫెడరల్ చట్టం ఉంది. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు, కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో, అంటే కాల్చడం ప్రాక్టీస్ చేసే చోట, అద్దెకు తీసుకుని కాల్చినా ఇదే చట్టం. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. జైలు సంగతి అలా ఉంచి, ఆయుధాల కేసులో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ వీసా నిషేధం లేదు.

"హంటింగ్ లైసెన్స్ ఉంటే చాలంట" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆ మినహాయింపు చట్టంలో నిజంగానే ఉంది. కానీ లైసెన్స్ గడువు దాటకుండా ఉండాలి, పైగా మీ రాష్ట్రం నిబంధనలు ఇంకా కఠినంగా ఉండొచ్చు. లాయర్‌ని అడగండి, గ్రూపులో అడక్కండి. "సిటిజన్ అయిన ఫ్రెండ్ తన పేరు మీద కొనిస్తాడు" అన్నది ఇంకా ఘోరం. అసలు కొంటున్నది మీరేనా అని షాపులో గన్ కొనేటప్పుడు నింపే 4473 ఫారంలోనే అడుగుతారు. అక్కడ అబద్ధం రాస్తే మీతోపాటు అతనూ ఇరుక్కుంటాడు.

నిరుడు ఒక కుర్రాడు పాఠాల భాగం ఆన్‌లైన్‌లో ముగించి, కాల్చడం నేర్చుకోవడానికి నా దగ్గరికొచ్చాడు. వాళ్ల పక్కింట్లో దొంగలు పడ్డారట, భార్యకు ఏడో నెల. వీసా అడిగితే హెచ్‌1బి అన్నాడు. హంటింగ్ లైసెన్స్ లేదు. తెలిసీ చేతికిస్తే నాదీ నేరమే, ఇవ్వలేదు. "మరి రాత్రిపూట ఆవిడ ఒక్కతే ఉంటే ఏం చేయమంటారన్నా?" అన్నప్పుడు అతని గొంతు వణికింది. ఆ టెన్షన్ నాకు తెలుసు. ఈ దేశం వచ్చిన కొత్తలో తలుపు దగ్గర చిన్న చప్పుడైనా నేను లేచి కూర్చునేవాణ్ణి. ఆ పూట రేంజ్ మానేసి తలుపు తాళాలు, అలారం, ఏ గదిలోకి వెళ్లి గడియ పెట్టుకోవాలి, 911కి ఫోన్ చేసి ముందు ఏం చెప్పాలి, ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాం. ఫీజు వెనక్కిచ్చేశాను.

అపోహ: ఎన్‌ఆర్‌ఏ అంటే ఒట్టి రాజకీయం.

1871లో న్యూయార్క్‌లో ఇది మొదలైందే సైనికులకు సరిగా గురి చూడటం రాక. లాబీయింగ్ విభాగం 1975లో వచ్చింది. చట్టాల కోసం కొట్లాడేది వాళ్లు, పాఠం చెప్పేది మేము. నా క్లాసులో ఓట్ల మాట ఎత్తను.

అపోహ: తుపాకీ విషయంలో కేసైతే అసోసియేషనే చూసుకుంటుంది.

ప్రతి మెంబర్ కేసునూ నెత్తినేసుకోరు. మీ లాయర్‌ని మీరే పెట్టుకోవాలి.

ఇక పిల్లల విషయం. ఇంట్లో గన్ లేదు కాబట్టి మాకెందుకు అనుకోకండి, వాళ్లు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో ఉండొచ్చు. పిల్లలకు తుపాకీ జాగ్రత్తలు నేర్పే ఎన్‌ఆర్‌ఏ వారి ఎడ్డీ ఈగిల్ పాఠంలో ఉన్నవి నాలుగే మాటలు: ఆగు, ముట్టుకోకు, అక్కడి నుంచి పరిగెత్తు, పెద్దవాళ్లకు చెప్పు. ఈ రాత్రి అన్నం పెట్టేటప్పుడే వాళ్లచేత రెండుసార్లు చెప్పించండి.