సెకండ్ హ్యాండ్ కారు: అపోహలు, వాస్తవాలు

వాడిన కారు చూడటానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మూడే అడుగుతారు: ఏ కంపెనీ, ఏ సంవత్సరం, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. వీటితో ధర తేలుతుంది గానీ బండి సంగతి తేలదు. ఒకే నెలలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు కార్లలో ఒకటి పదేళ్ల తర్వాత కూడా నిక్షేపంగా నడుస్తుంది, రెండోది ఐదేళ్లకే వారం వారం షెడ్డుకు వెళ్తుంది. తేడా అంతా వాటిని చూసుకున్న తీరులో ఉంది. ఆ తీరు బండి మీదే కనిపిస్తుంది, ఎక్కడ చూడాలో తెలిస్తే.

అపోహ: కిలోమీటర్లు తక్కువుంటే బండి మంచిది.

వాస్తవం: ముందు ఆ అంకె నిజమో కాదో తేల్చుకోవాలి. డిజిటల్ మీటర్‌ను వెనక్కి తిప్పడానికి చాలా మోడళ్లలో స్క్రూ కూడా విప్పక్కర్లేదు. డయాగ్నస్టిక్ పోర్టుకు ఒక పరికరం తగిలిస్తే నిమిషాల్లో పనైపోతుంది. అందుకని మీటర్‌ను వదిలేసి మనిషి చెయ్యి, కాలు, ఒళ్లు తగిలే చోట్లు చూడండి. బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలు అరిగిపోయాయా? స్టీరింగ్ పైభాగం నున్నగా మెరుస్తోందా? డ్రైవర్ సీటులో డోర్ వైపు అంచు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒరుసుకునే చోటు, కుంగిపోయిందా? మీటరు 30,000 చూపిస్తూ ఇవన్నీ అరిగి ఉంటే ఆ అంకెను నమ్మకండి. 40,000 తిరిగిన బండికి పెడల్ రబ్బర్లు కొత్తవి వేసి ఉన్నా అనుమానించాల్సిందే, అంత తక్కువకు అవి అరగవు. సర్వీస్ బిల్లుల్లో తేదీలు, రీడింగులు వరుసగా పెరుగుతూ రావాలి. మధ్యలో రెండేళ్ల బిల్లులు లేకపోతే ఎందుకు లేవో అడగండి.

ఇక అంకె నిజమే అనుకుందాం. తక్కువ తిరగడం దానంతటదే గొప్ప కాదు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. ఆయిల్లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోయే అవకాశమే ఉండదు, ఆయిల్ త్వరగా పాడవుతుంది. నెలల తరబడి నిలబడితే బ్యాటరీ చచ్చిపోతుంది, బ్రేక్ డిస్కులు తుప్పు పడతాయి, టైర్లు ఒకేచోట అణిగిపోతాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ప్రతి 10,000 కిలోమీటర్లకూ ఆయిల్ మార్చి, ఎక్కువగా హైవే మీద లక్షా ఇరవై వేలు తిరిగిన కారు, ఆరేళ్లలో రెండేసార్లు ఆయిల్ మార్చిన 35,000 కిలోమీటర్ల కారు కన్నా చాలాసార్లు మెరుగైన బేరం. తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే చెబుతాయి.

అపోహ: పెయింట్ మెరుస్తుంటే బండికి దెబ్బ తగల్లేదు. దెబ్బ తగిలిందని తెలిస్తే మాత్రం దగ్గరికే వెళ్లకూడదు.

వాస్తవం: రెండూ తప్పే. బంపరు, ఫెండరు, డోరు, బానెట్ బోల్టులతో బిగించే భాగాలు. పార్కింగ్‌లో గీతపడి రంగు వేయించినంత మాత్రాన బండికి నష్టం లేదు. భయపడాల్సింది అసలు గూడుకు తగిలిన దెబ్బకే. రూఫ్‌ను మోసే పిల్లర్లు, ముందు చక్రాల పైనుండే అప్రాన్లు, వాటిని మోసే చాసిస్ రైళ్లు, డిక్కీ అడుగు రేకు: ఇవి వంగి మళ్లీ సాగదీసిన బండి నేరుగా పోదు, టైర్లు తినేస్తుంది, ఇంకోసారి గుద్దుకుంటే లోపలివాళ్లను మొదట్లో కాపాడినంతగా కాపాడదు.

చూసే పద్ధతి ఇది. బానెట్ ఎత్తి ఫెండర్‌ను పట్టుకున్న బోల్టు తలలు చూడండి. స్పానర్ పడిన బోల్టు అంచుల్లో రంగు చిట్లుతుంది. తర్వాత డోర్ తెరిచి పిల్లర్ మీది రబ్బరు బీడింగ్‌ను కొంచెం లాగండి. లోపల ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ గుండ్రటి గుంటలు దాదాపు ఒకే దూరంలో వరుసగా కనిపించాలి. ఆ గుంటలు పూడిపోయి ఉన్నా, అడ్డదిడ్డంగా ఉన్నా, ఒకవైపు ఒకలా రెండోవైపు ఒకలా ఉన్నా ఆ పిల్లర్‌కు మరమ్మతు జరిగినట్టే. డిక్కీ కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంట అడుగున ముడతలు, చేత్తో పూసినట్టున్న సీలెంట్ ఉన్నాయేమో చూడండి. వెనక నుంచి గట్టిగా గుద్దిన బండి ఎక్కువగా ఇక్కడే దొరికిపోతుంది.

పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటే పని ఇంకా తేలిక. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. రెండోసారి రంగేస్తే 200 దాటుతుంది. 500 పైన వస్తే లోపల పుట్టీ ఉందనుకోవచ్చు. ముందు రూఫ్ మీద కొలిచి, ఆ అంకెతో మిగతా భాగాలను పోల్చండి.

వరద నీటిలో మునిగిన బండి మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఇంజిన్‌ను విప్పి కడగొచ్చు గానీ వైరింగ్ కనెక్టర్లలో చేరిన తేమ నెలల తర్వాత ఒక్కో లోపంగా బయటపడుతుంది. సీట్ బెల్టును చివరిదాకా లాగితే లోపలి చివర బురద మరక దొరకొచ్చు. సీటు పట్టాల తుప్పు, డ్యాష్‌బోర్డు కింద కనెక్టర్ల మీద పచ్చటి పొడి, హెడ్‌లైట్ లోపల నీటి చార కూడా ఆ కథే చెబుతాయి.

అపోహ: తాళం తిప్పగానే స్టార్ట్ అయింది, ఇంజిన్ భేషుగ్గా ఉంది.

వాస్తవం: వేడెక్కిన ఇంజిన్ చాలా లోపాలను దాచేస్తుంది. మీరు వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచారంటే ఇంకో రోజు రండి. ముందే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి.

చల్లగా ఉన్నప్పుడే ఆయిల్ మూత, కూలెంట్ మూత తీసి చూడాలి. వేడి మీద కూలెంట్ మూత తీస్తే మొహం కాలుతుంది. ఆయిల్ మూత అడుగున నల్లటి గడ్డలు కట్టి ఉంటే ఆయిల్ వేళకు మార్చలేదు. పాలు కలిసిన కాఫీ రంగు జిగురుంటే రెండు కారణాలుండొచ్చు. చిన్న చిన్న ప్రయాణాల వల్ల చేరిన తేమ ఒకటి, ఇంజిన్ తలకూ బ్లాక్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోవడం రెండోది. కూలెంట్ కూడా తగ్గి, దాని మీద నూనె తేలుతుంటే రెండోదే అనుకుని ఆ బండిని వదిలేయండి.

తర్వాత ఇంకొకరిని స్టార్ట్ చేయమని మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. మొదటి సెకన్లలో నీలిపొగ భక్కున వచ్చి ఆగిపోతే ఆయిల్‌ను ఆపే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. నడుపుతూ ఎక్సలేటర్ నొక్కినప్పుడల్లా నీలిపొగ వస్తే ఎక్కువగా పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి, అది పెద్ద ఖర్చు. చలిలో కాస్త తెల్లటి ఆవిరి మామూలే. బండి పూర్తిగా వేడెక్కాక కూడా అది ఆగకపోతే కూలెంట్ ఇంజిన్‌లోకి పోతోందని అర్థం. నల్లపొగ ఇంధనం ఎక్కువై గాలి చాలక వస్తుంది. అది ఒక ఎయిర్ ఫిల్టర్‌తో పోవచ్చు, ఇంజెక్టర్ల దాకా వెళ్లొచ్చు.

అపోహ: టైమింగ్ చైన్ ఉన్న ఇంజిన్‌కు చింత లేదు.

వాస్తవం: పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా ఇంజిన్‌లో ఒక బెల్టు గానీ చైన్ గానీ ఉంటుంది. బెల్టు అయితే మోడల్‌ను బట్టి 80,000 నుంచి 1,60,000 కిలోమీటర్ల మధ్య మార్చమని మాన్యువల్ చెబుతుంది, దాంతోపాటు ఇన్నేళ్లకని గడువూ ఉంటుంది. చైన్‌కు సాధారణంగా గడువు చెప్పరు. కానీ ఆయిల్ ఆలస్యంగా మారిస్తే చైన్ సాగుతుంది, టెన్షనర్ బలహీనపడుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటే అదే మొదటి హెచ్చరిక. చాలా ఇంజిన్లలో బెల్టు తెగినా చైన్ పళ్లు దాటినా పిస్టన్లు వాల్వులను కొట్టేస్తాయి.

అపోహ: డ్యాష్‌బోర్డులో ఏ లైటూ వెలగడం లేదు, అంటే లోపం లేదు.

వాస్తవం: ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి. చెక్ ఇంజిన్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు మూడూ వెలిగి తర్వాత ఆరాలి. అసలు వెలగని లైటే ప్రమాదం, దాన్ని ఎవరో కావాలని ఆపేసి ఉండొచ్చు. ఇక లోపాల కోడ్‌లను స్కానర్‌తో చెరిపేసి బండిని చూపించడం మామూలే. దానికీ విరుగుడుంది. కోడ్‌లు చెరిపినప్పుడు బండి తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు కూడా మొదటికొస్తాయి, అవి మళ్లీ పూర్తవడానికి చాలాసార్లు కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది. బండి లోపాల కోడ్‌లను చదివే చిన్న ఓబీడీ స్కానర్ తగిలించి చూస్తే ఎక్కువ మానిటర్లు అసంపూర్తి అని వస్తోందా? నాలుగు రోజులు నడిపాక మళ్లీ వస్తామని చెప్పండి. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఈ ఓబీడీ వ్యవస్థ తప్పనిసరి కాబట్టి ఇప్పుడు అమ్మకానికొచ్చే కార్లలో ఎక్కువవాటికి ఈ స్కానర్ పనికొస్తుంది.

అపోహ: డీజిల్ కారే ఎప్పుడూ చవక.

వాస్తవం: రోజూ దూరాలు తిరిగేవాళ్లకు సరే. ఊళ్లోనే తిరిగేవాళ్లకు కొత్తతరం డీజిల్ తలనొప్పి. సైలెన్సర్ దారిలోని పార్టిక్యులేట్ ఫిల్టర్‌లో చేరిన మసి కాలాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ పని సగంలో ఇంజిన్ ఆపేస్తుంటే మసి పేరుకుంటుంది, ఆ వేడి కోసం అదనంగా చల్లిన డీజిల్ ఇంజిన్ ఆయిల్లోకి జారుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే బండి అలాగే తిరిగిందని తెలిసిపోతుంది. ఇంజెక్టర్లు, టర్బో, ఫిల్టర్, ఇంజిన్ కుదుపును మింగే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్: వీటిలో ఒక్కటి పోయినా కొన్నేళ్లపాటు ఇంధనంలో మిగిల్చుకున్నది పోతుంది.

అపోహ: ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ మార్చక్కర్లేదు.

వాస్తవం: జీవితకాలం పనిచేసే ఆయిల్ అన్న మాట మొదటి యజమానికి సరిపోవచ్చు. రెండో యజమానికి సరిపోదు. టార్క్ కన్వర్టర్, సీవీటీ రకం ఆటోమేటిక్ పెట్టెల్లో 60,000 నుంచి 80,000 కిలోమీటర్లకు ఒకసారి మారిస్తే మంచిది. బండి చూసేటప్పుడు బ్రేక్ తొక్కి న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు, అక్కడి నుంచి రివర్స్‌కు మార్చండి. ఒకటి రెండు సెకన్లలో, ధడ్‌మనకుండా పట్టాలి. తర్వాత 40 నుంచి 70 వేగం మధ్య ఎక్సలేటర్‌ను తేలిగ్గా నొక్కి ఉంచండి. సన్నటి వణుకు వస్తే ఆయిల్ గానీ కన్వర్టర్ గానీ అయిపోవచ్చినట్టు. రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ పెట్టెను ఎత్తు మీద, నెమ్మదిగా పాకించి చూడాలి, దాని బలహీనత అక్కడే బయటపడుతుంది.

అపోహ: పెద్ద కారు, పెద్ద చక్రాలు ఉంటే సుఖంగా ఉంటుంది.

వాస్తవం: చక్రం పెరిగేకొద్దీ టైరు పక్కగోడ తగ్గుతుంది, గుంతల దెబ్బను ముందు మింగేది ఆ గోడే. 16 అంగుళాల చక్రానికి 205/60 టైరు వేస్తే గోడ ఎత్తు 123 మిల్లీమీటర్లు. 18 అంగుళాలకు 225/45 వేస్తే 101. అదే మోడల్‌లో చిన్న చక్రాల వేరియంట్ తరచుగా మెత్తగా పోతుంది, టైర్లూ చవగ్గా వస్తాయి.

సౌకర్యం చూసేటప్పుడు బాగుచేయగలిగినది, బాగుచేయలేనిది వేరు చేసుకోండి. నెమ్మదిగా గుంత దాటితే టక్ టక్ అంటోందా? ఎక్కువగా అది లింక్ రాడ్‌లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు. తక్కువ ఖర్చుతో పోతుంది. షాక్ అబ్జార్బర్లు అరిగితే టైరు అంచుపొడవునా గుంటలు గుంటలుగా అరుగుతుంది, అదీ మార్చుకోవచ్చు. వేగంతోపాటు పెరిగే హోరు, స్టీరింగ్‌ను కొద్దిగా ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు మారుతుంటే వీల్ బేరింగ్. సీటు ఆకారం మాత్రం మార్చలేరు. అందుకే కనీసం అరగంట నడపండి. తొడలకు ఆసరా ఉందా, నడుము లాగుతోందా, పెడల్స్ ఒక పక్కకు జరిగి ఉన్నాయా, మలుపులో పిల్లర్ చూపుకు అడ్డొస్తోందా? తర్వాత మీ సీటును మీ కొలతకే ఉంచి వెనక కూర్చుని చూడండి. ఏసీని బండి నిలబెట్టి పది నిమిషాలు నడపండి. కదులుతున్నప్పుడే చల్లగా వస్తుంటే కండెన్సర్ ఫ్యాన్‌ను, గ్యాస్‌ను చూపించాలి.

అపోహ: చిన్న కొత్త కారు ధరకే పాత లగ్జరీ కారు దొరికితే లాభం.

వాస్తవం: బండి ధర పడిపోతుంది గానీ దాని విడిభాగాల ధర పడదు. కొనేముందు స్పేర్ పార్టుల షాపులో ఐదు అడగండి: హెడ్‌లైట్, ముందు షాకర్ల జత, బ్రేక్ డిస్కుల జత, రేడియేటర్, ఏసీ కంప్రెసర్. ఎయిర్ సస్పెన్షన్ ఉంటే దాని ధర కూడా. ఆ ఐదు ధరలూ చూశాక చాలామంది మనసు మార్చుకుంటారు. నమ్మకం కావాలంటే ఎక్కువ సంఖ్యలో అమ్ముడై, ఏ మెకానిక్‌కైనా తెలిసిన మోడల్‌ను ఎంచుకోండి. కొత్త తరం మొదలైన తొలి ఏడాది బండి కన్నా, అదే తరం చివరి రెండు మూడేళ్ల బండ్లు నయం. తొలి లోపాలను కంపెనీ అప్పటికి చాలావరకు సరిచేసి ఉంటుంది.

అపోహ: కాగితాలు ఉంటే చాలు.

వాస్తవం: కాగితంలోని నంబర్ బండి మీదున్న నంబర్‌తో కలవాలి. 17 అక్షరాలు, అంకెల చాసిస్ నంబర్‌ను బాడీ మీద చెక్కినచోట, ప్లేట్ మీద, పత్రాల్లో ఒక్కో అక్షరం చదివి పోల్చండి. అందులో ఇంగ్లిషు అక్షరాలు ఐ, ఓ, క్యూ ఉండవు. చుట్టూ రాకిన గుర్తులుంటే అక్కడితో ఆపేయండి. లోన్ తీరిందన్న పత్రం, ఇన్సూరెన్స్ క్లెయిముల వివరం అడగండి. అదే నంబర్‌తో రీకాల్ ఏదైనా మిగిలి ఉందేమో కంపెనీ వెబ్‌సైటులో చూడండి. తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగులను ఉబ్బించే ఇన్‌ఫ్లేటర్లు వేడికి, తేమకు పాతబడి, పేలినప్పుడు లోహపు ముక్కలు విసురుతున్నాయని ఎన్నో కంపెనీలు కోట్ల కార్లను వెనక్కి పిలిచాయి. ఆ మరమ్మతు ఉచితం, అయినా చేయించకుండా చేతులు మారే బండ్లు ఉంటాయి.

అపోహ: ధర కుదిరితే ఖర్చు అయిపోయినట్టే.

వాస్తవం: బండి ధరలో 10 నుంచి 15 శాతం పక్కన పెట్టుకోండి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చదవండి: 3521 అంటే 2021లో 35వ వారం తయారైంది. గీతలు లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైర్లను మార్పు లెక్కలో వేసి ధర తగ్గించమనండి. మూడు నాలుగేళ్లు దాటిన బ్యాటరీ కూడా అదే లెక్క. కొన్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు మార్పించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే దాన్నీ, తేదీ తెలియకపోతే కూలెంట్‌నూ మార్పించండి. టైమింగ్ బెల్టు మార్చామని అమ్మేవాళ్లు నోటితో చెప్పి బిల్లు చూపకపోతే, మార్చలేదనే లెక్కేసి, వాటర్ పంప్, టెన్షనర్‌తో సహా ఆ ఖర్చును బేరంలోంచి తగ్గించుకోండి.