ఏడు రోజుల రాజు, రాగి రేకుల లెక్క

గోదావరి డెల్టా తొలి చరిత్ర రాయబోయేవారికి మొదటి చిక్కు నేలతోనే వస్తుంది. వరద తెచ్చిన ఒండ్రు పాత ఊళ్లను కప్పేసింది. మట్టి గోడలు, తాటాకు రాతలు ఈ తేమలో నిలవలేదు. నిలిచింది రాయి, లోహం. పురాణాల రాజుల పట్టికలో కనిపించే చండశ్రీ అనే శాతవాహనుడు నిజంగా ఉన్నాడని నమ్మడానికి పిఠాపురం దగ్గర కొడవలి కొండమీది బ్రాహ్మీ శాసనం, అతని పేరున్న నాణేలు ఆధారమయ్యాయి.

తరువాతి కాలానికి ప్రధాన ఆధారం వేంగి చాళుక్యుల దానశాసనాలు. ఊరిని దానమిచ్చిన సంగతి రాగి రేకుల మీద చెక్కించి, వాటిని ఒక కడియానికి గుచ్చి, కడియం అతుకు మీద వరాహం బొమ్మతో, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలతో ముద్ర వేసేవారు. భూమి పత్రాలు కనుక పుచ్చుకున్నవారు వాటిని తరతరాలుగా దాచుకున్నారు. పైగా ఈ రేకులు వంశంలో ఎవరెన్నాళ్లు ఏలారో వరుసగా చెబుతాయి: కుబ్జ విష్ణువర్ధనుడు 18 ఏళ్లు, జయసింహుడు 33, ఇంద్ర భట్టారకుడు 7 రోజులు. గొప్ప కోసం కల్పించేవాడెవడూ 7 రోజుల పాలన రాసుకోడు కదా! రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం శక సంవత్సరం 944లో, అంటే 1022లో జరిగిందని శాసనమే చెప్పడంతో, 19వ శతాబ్దం చివర జె.ఎఫ్. ఫ్లీట్ వంటి పండితులు అలాంటి తేదీలను ఆనవాలుగా పెట్టుకుని వెనక్కి కూడుకుంటూ వెళ్లారు. లెక్క పూర్తిగా కుదరలేదు. జయసింహునికి కొన్ని రేకులు 30 ఏళ్లే ఇస్తాయి, వంశారంభం 615లోనా, 624లోనా అన్న వాదమూ ఉంది.

కోనసీమ అంచున దొరికిన కోరుమెల్లి శాసనం ఇదే వంశాన్ని చంద్రుని నుంచి, పాండవుల నుంచి మొదలుపెట్టి, అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలారంటుంది. తొలి చాళుక్య రేకుల్లో ఈ కథ లేదు. కాబట్టి అది అయోధ్యకు సాక్ష్యం కాదు, 11వ శతాబ్దపు వేంగి రాజులు తమను ఎలా చూపించుకోదలిచారన్నదానికి సాక్ష్యం.

నా మటుకు ఈ రేకుల్లో విలువైన భాగం ప్రశస్తి, అంటే రాజునూ వంశాన్నీ పొగిడే భాగం, ముగిశాక వస్తుంది. రాజు ‘రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులందరికీ’, అంటే ఆ ప్రాంతపు పెద్దలకూ (ఇక్కడ రాష్ట్రకూట అన్నది రాజవంశం పేరు కాదు) సేద్యపు ఇళ్లవారికీ, దానం సంగతి తెలియజేస్తాడు. పుచ్చుకున్న బ్రాహ్మణుని పేరు, గోత్రం, తాత పేరుతో సహా రేకు కెక్కుతాయి. కుటుంబులు మాత్రం గుంపుగానే మిగిలిపోతారు. హద్దులు చెప్పేచోట సంస్కృతం తరచు తెలుగులోకి దిగి, చెరువులనూ చెట్లనూ ఊళ్లవాళ్లు పిలుచుకునే పేర్లతోనే చెబుతుంది.